మండలానికి పన్నెండు మంది: ఊళ్లో సోలార్ పనివాళ్లను ఎలా తయారు చేయాలి

మన దక్షిణ తెలంగాణలో ఎండకు కొదవ లేదు, పనిచేసే చేతులకూ కొదవ లేదు. గుంపు మేస్త్రి వెంట ముంబై, పుణె వెళ్లి డ్యాములు, కాలువలు, అపార్టుమెంట్లు కట్టిన పాలమూరు చేతులవి. ఇప్పుడు ఊళ్లలోకి సోలార్ ప్లేట్లు వచ్చాయి. బిగించడానికి బయటి నుంచి ఎవరో వచ్చారు, బిగించారు, వెళ్లిపోయారు. ఆర్నెల్ల తర్వాత ఇన్వర్టర్ (ప్లేట్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే డబ్బా) మీద ఎర్ర లైటు వెలిగితే అటువైపు చూసేవాళ్లు లేరు.

ఐటీఐలో పాఠం చెప్పే సార్‌కు, మహిళా సమాఖ్య నడిపే అక్కకు, చిన్న సోలార్ షాపు పెట్టుకున్న తమ్ముడికి, ఊరికి పనికొచ్చేది చేద్దామనుకునే యువజన సంఘానికి ఇది రాస్తున్నాను. మీ మండలంలో పన్నెండు మందికి ఈ పని నేర్పి, అదే పని మీద వాళ్లు బతికేలా చేయాలంటే ఏ వరుసలో నడవాలో చెబుతాను. నల్లగొండ, మిర్యాలగూడ చుట్టుపక్కల కొన్ని బ్యాచ్‌లకు నేర్పాక, కొన్ని తప్పులు చేశాక తెలిసిన వరుస ఇది.

ముందు ఊళ్లు తిరగండి

శిక్షణ అనగానే హాలు వెతకడం, ఫ్లెక్సీ కొట్టించడం మొదలవుతుంది. అవన్నీ తర్వాత. ముందు ఒక వారం బండి మీద మీ ఊరి చుట్టూ 30 కిలోమీటర్లు తిరగండి. ఎన్ని ఇళ్ల మీద ప్లేట్లున్నాయి, ఎన్ని బోర్లకు సోలార్ మోటర్లున్నాయి, బడుల మీద, రైస్ మిల్లుల మీద, పెట్రోలు బంకుల మీద ఎన్ని ఉన్నాయి, పొలాల మధ్య పెద్ద ప్లాంట్లు ఎక్కడున్నాయి, అన్నీ నోట్‌బుక్‌లో రాసుకోండి. ప్రతిచోటా ఒకే మాట అడగండి: "చెడిపోతే ఎవరొస్తున్నరు? ఎన్ని రోజులకు వస్తున్నరు?"

ఈ రెండో ప్రశ్నకు వచ్చే జవాబే మీ బ్యాచ్‌కు పునాది. నాకు ఎక్కువసార్లు వచ్చిన జవాబు "ఫోన్ ఎత్తరు సార్" అని.

పెద్ద ప్లాంట్ల సంగతి ముందే తెలుసుకోండి, లేకపోతే పిల్లలకు లేని ఆశ పెడతాం. తెలంగాణలో 2015 తర్వాత వచ్చిన సోలార్ ఎక్కువ భాగం ఒకేచోట మహా పార్కుగా కాకుండా, సబ్‌స్టేషన్ల దగ్గర చిన్న చిన్న ప్లాంట్లుగా వచ్చింది. ఉమ్మడి పాలమూరులో అలాంటివి చాలా కనిపిస్తాయి. ప్లాంటు కడుతున్నప్పుడు గుంతలు తీయడానికి, స్తంభాలు నిలపడానికి, ప్లేట్లు మోయడానికి వందల మంది కావాలి. కట్టడం అయిపోయాక కాపలా వాళ్లు, ప్లేట్లు కడిగే వాళ్లు, ఇద్దరు ముగ్గురు టెక్నీషియన్లు మిగులుతారు. బిగించే పని వచ్చి పోయేది. ప్లేటుకు కంపెనీ ఇచ్చే హామీ 25 ఏళ్లు, అంటే దాన్ని చూసుకునే పని కూడా అన్నేళ్లు ఉంటుంది. కాబట్టి మీ శిక్షణను చూసుకునే పని చుట్టూ కట్టండి. బిగించడం అందులో ఒక భాగంగా వస్తుంది.

ఇళ్ల మీద పని ఇప్పుడు నిజంగానే పెరుగుతోంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం లక్ష్యం దేశంలో కోటి ఇళ్లు. నాగర్‌కర్నూల్ జిల్లా వంగూరు మండలం కొండారెడ్డిపల్లిలో ఊరు ఊరంతా సోలార్ పెట్టారు. అదే జిల్లా అమ్రాబాద్ మండలం మాచారంలో 2025 మే నెలలో ఇందిర సౌర గిరి జల వికాసం మొదలైంది, అటవీ హక్కు పట్టాలున్న గిరిజన రైతుల పొలాలకు సోలార్ పంపుసెట్లు ఇచ్చే పథకం. మహిళా సంఘాలతో 1,000 మెగావాట్ల ప్లాంట్లు పెట్టించాలని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. ఇవన్నీ మీ చుట్టుపక్కల ఎంతవరకు వచ్చాయో మీ నోట్‌బుక్కే చెబుతుంది. లెక్కలో 300 ఇళ్లు, 40 పంపులు, రెండు ప్లాంట్లు వచ్చాయనుకోండి, పన్నెండు మందికి పని దొరుకుతుంది. 100 ఇళ్లే వస్తే నలుగురికే నేర్పండి. పని లేనిచోట ముప్పై మందికి సర్టిఫికెట్ ఇవ్వడం వాళ్ల నాలుగు నెలల కూలి తినడమే.

మనుషులను ఎలా ఎంచాలి

మార్కులు చూడకండి. ఐటీఐ ఎలక్ట్రీషియనో వైర్‌మనో చేసినవాళ్లుంటే మంచిదే. కానీ మోటరు వైండింగ్ షాపులో రెండేళ్లు పనిచేసిన పిల్లగాడు, సెంట్రింగ్ పని చేసి ఎత్తు అలవాటైనవాడు, పుణె నుంచి తిరిగొచ్చి ఊళ్లోనే ఉండిపోదామనుకుంటున్నవాడు, వీళ్లు ఎక్కువ కాలం నిలబడతారు. ఎంపిక రోజు మూడు పరీక్షలు పెట్టండి.

మొదటిది ఎత్తు. నిచ్చెన ఎక్కించి స్లాబు మీద పది నిమిషాలు నడిపించండి. కళ్లు తిరిగేవాళ్లు, ఫిట్స్ వచ్చేవాళ్లు ఉంటే నెమ్మదిగా, నలుగురిలో కాకుండా పక్కకు పిలిచి చెప్పండి. వాళ్లకు కిందే చేసే పని చాలా ఉంది: ఇన్వర్టర్ దగ్గర కొలతలు, ఆన్‌లైన్ దరఖాస్తులు, సామాను లెక్క.

రెండోది రంగులు. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ, నలుపు తీగల ముక్కలు కలిపి ముందర పెట్టి వేరు చేయమనండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని మగపిల్లలు అక్కడక్కడా ఉంటారు, ఆ సంగతి వాళ్లకే తెలియదు. ఫేజు తీగకూ ఎర్తు తీగకూ మధ్య పొరపాటు పడితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు.

మూడోది ఓపిక. పది స్క్రూలు, పది నట్లు ఇచ్చి ఒకే బిగువుతో బిగించమనండి. ఎనిమిదోదాకా జాగ్రత్తగా బిగించి చివరి రెండు వదిలేసేవాడిని గుర్తుపెట్టుకోండి. తీసేయమని అనడం లేదు, వాడి మీద ఒక కన్నుంచమంటున్నాను.

పన్నెండు మందిలో కనీసం నలుగురు ఆడపిల్లలు ఉండేలా చూడండి. పగలు మగవాళ్లు లేని ఇంట్లో ఇన్వర్టర్ చూడడానికి ఒక అక్క వస్తే ఇంటావిడ తలుపు తీసి, మంచినీళ్లిచ్చి, ఉన్న ఇబ్బందంతా చెబుతుంది. మహిళా సంఘాల ప్లాంట్లు వస్తే వాటిని చూసుకోవాల్సింది కూడా వీళ్లే. బరువు ఎత్తలేరనే మాట ఎవరైనా అంటే, 27, 28 కిలోల ప్లేటును ఒక్కరే ఎత్తడం మగవాళ్లకూ మనం ఒప్పుకోమని చెప్పండి. ఎవరైనా సరే, ఇద్దరు పట్టాల్సిందే. ఆడపిల్లల విషయంలో ఇంకో పని ఉంది: ఎంపిక అయ్యాక వాళ్ల ఇంటికి మీరే వెళ్లి అమ్మానాన్నలతో, పెళ్లయితే అత్తమామలతో మాట్లాడండి. పని ఏమిటి, ఎన్నింటికి ఇంటికొస్తారు, ఎవరు తీసుకొస్తారు, అన్నీ వాళ్లకు తెలియాలి. ఈ ఒక్క పూట ఖర్చు పెట్టనందుకు నా మొదటి బ్యాచ్‌లో ఇద్దరు మంచి పిల్లలు రెండో వారానికే మానేశారు.

చోటు, సామాను

ఏసీ హాలు అక్కర్లేదు. ఒక స్లాబు, ఒక చెట్టు నీడ, ఒక తాళం గది చాలు. మొదట్లో స్లాబు కూడా వద్దు, నేల మీద నాలుగడుగుల ఎత్తులో ఇనుప స్ట్రక్చర్ వేసి దాని మీదే నేర్పండి. కింద పడినా దులుపుకుని లేచే ఎత్తు అది. అద్దం పగిలిన ప్లేట్లు వెండర్ల (సోలార్ అమ్మి బిగించేవాళ్ల) దగ్గర, ప్లాంట్ల దగ్గర మూలన పడి ఉంటాయి. మోయడం, బిగించడం, తీయడం నేర్చుకోవడానికి అవి సరిపోతాయి. కరెంటు కొలవడం నేర్పడానికి మాత్రం మంచివి ఆరు, 3 కిలోవాట్ల ఇన్వర్టర్ ఒకటి కొనక తప్పదు.

పనిముట్లలో రెండుచోట్ల డబ్బు మిగిల్చుకోవద్దు. ఒకటి మీటర్లు: 1,000 వోల్టుల డీసీ (ప్లేటు నుంచి ఒకే దిక్కున పారే కరెంటు) కొలిచే మల్టీమీటరు, తీగ చుట్టూ పట్టి డీసీ కరెంటు కూడా చూపే క్లాంప్ మీటరు, తీగ ఇన్సులేషన్ చూసే మెగ్గరు, ఎర్త్ టెస్టరు. బజారులో దొరికే చవక మల్టీమీటరు 600 వోల్టుల దగ్గరే చేతిలో పేలే ప్రమాదం ఉంది. రెండోది ప్రాణం కాపాడేవి: నడుముకు, భుజాలకు, తొడలకు పట్టే ఫుల్ బాడీ హార్నెస్, హెల్మెట్, కరెంటు పనికి వాడే రబ్బరు గ్లౌజులు. ఇవి మనిషికొకటి ఉండాలి, పంచుకునేవి కావు. ప్లేట్ల తీగలు కలిపే ఎంసీ4 కనెక్టర్లు నొక్కే క్రింపింగ్ ప్లయర్ రెండు, సరైన బిగువు చూపే టార్క్ రెంచ్ ఒకటి, మిగతావన్నీ మామూలు ఎలక్ట్రీషియన్ సంచిలో ఉండేవే.

మొదటి పది రోజులు ప్లేటు ముట్టనివ్వద్దు

ఇది అందరికంటే పిల్లలకే ఎక్కువ విసుగు పుట్టిస్తుంది. అయినా సరే.

ఇంట్లో కరెంటు పని చేసినవాడికి ఒక ధైర్యం ఉంటుంది: మెయిన్ ఆపితే కరెంటు పోతుంది. సోలార్ దగ్గర ఆ ధైర్యమే చంపుతుంది. ఎండ ఉన్నంతసేపు ప్లేటులో కరెంటు ఉంటుంది. ఈ రోజుల్లో వచ్చే 550 వాట్ల ప్లేటు ఒక్కటే 50 వోల్టుల దాకా ఇస్తుంది. ఆరు ప్లేట్లు వరుసగా కలిపితే 300 వోల్టులు. పెద్ద ప్లాంట్లలో 1,000 దాటుతుంది. అదీ డీసీ. మన ఇంటి ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు వచ్చి పోతుంది కాబట్టి రెండు తీగల మధ్య లేచిన నిప్పు ఆ సున్నా దగ్గర తెగుతుంది. డీసీకి ఆ సున్నా లేదు. తీగ విడదీస్తున్న కొద్దీ నిప్పు సాగుతూనే ఉంటుంది.

ఒక బ్యాచ్‌లో ఏం జరిగిందో చెబుతాను. ఒక బడి స్లాబు మీద పని. "స్విచ్ ఆపి కనెక్టర్ తీయి" అని ఒక పిల్లగాడికి చెప్పాను. అతను ఆపాడు, తీశాడు. అక్కడ రెండు ఇన్వర్టర్లు ఉన్నాయి. ఒకదాన్ని ఆపి రెండోదాని తీగ పీకాడు. బొటనవేలు, చూపుడువేలు కాలాయి. నెల రోజులకు మానింది, చెయ్యి దక్కింది. తప్పు అతనిది కాదు, "ఏ స్విచ్" అని నేను చెప్పలేదు. అప్పటి నుంచి నా దగ్గర ఒకటే వరుస, పిల్లలు నిద్రలో లేపి అడిగినా చెప్పాలి: ఏసీ ఆపు, డీసీ ఐసొలేటర్ (ప్లేట్ల వైపు స్విచ్) ఆపు, ఆపినచోట తాళమో చీటీయో పెట్టు, క్లాంప్ మీటరుతో నువ్వు ముట్టబోయే తీగనే కొలువు, సున్నా చూపితే పక్కవాడికి చూపించు, వాడు "సున్నా" అని గట్టిగా అన్నాక తీయి. ఈ వరుసను ఆ పది రోజుల్లో ఒక్కొక్కరూ యాభై సార్లు చేయాలి, ఉత్త తీగల మీద.

2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జల విద్యుత్ కేంద్రంలో మంటలు లేచి తొమ్మిది మంది చనిపోయిన సంగతి పిల్లలకు చెప్పండి. వాళ్లలో ఇంజినీర్లు ఉన్నారు, ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు ఉన్నారు. భయపెట్టడానికి కాదు. ఎంత తెలిసినవాడికైనా బయటికి దారి ఎటో, మంట లేస్తే ముందు ఏం ఆపాలో పని మొదలుపెట్టకముందే తెలిసి ఉండాలని చెప్పడానికి. ఏ స్లాబు ఎక్కినా దిగే దారి ముందు చూసుకోవడం అలవాటు చేయించండి.

ఎండ కూడా ప్రమాదమే. ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండ స్లాబు మీద పొద్దున ఐదున్నర నుంచి పది దాకా, మళ్లీ సాయంత్రం నాలుగు తర్వాతే పని. మధ్యాహ్నం చెట్టు కింద లెక్కలు.

లెక్కలు తెలుగులో, మన కొలతల్లో

వోల్టేజీ, కరెంటు గురించి ఇంగ్లిష్ స్లైడ్లు చూపిస్తే తల ఊపుతారు, మర్నాడు మరిచిపోతారు. చెరువు, తూము చెప్పండి. చెరువులో నీటి ఎత్తు వోల్టేజీ, తూములోంచి పారే నీళ్లు ఆంపియర్లు, మడికి చేరిన మొత్తం నీళ్లు యూనిట్లు. ప్లేట్లు వరుసగా కలిపితే నీటి ఎత్తు పెరుగుతుంది, పక్కపక్కన కలిపితే తూము వెడల్పవుతుంది. పొలం తెలిసిన పిల్లలకు ఇది అరగంటలో పట్టుబడుతుంది. ఒక ప్లేటు మీద నీడ పడితే ఆ వరుస మొత్తం ఎందుకు పడిపోతుందో కూడా వాళ్లే చెబుతారు: కాలువలో ఒక్కచోట రాయి అడ్డం పడితే కింది మడులన్నిటికీ నీళ్లు తగ్గుతాయి కదా.

దిక్కు, వాలు మేస్త్రి లెక్కల్లో చెప్పండి. మనం 17 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉన్నాం, ప్లేటు దక్షిణం చూస్తూ దాదాపు 15 డిగ్రీల వాలుతో ఉంటే సరిపోతుంది. అంటే పదడుగుల నేలకు 2 అడుగుల 8 అంగుళాల ఎత్తు. దిక్కు కోసం ఫోన్లో దిక్సూచిని ఇనుప స్ట్రక్చర్ దగ్గర నమ్మొద్దు. కర్ర పాతి, నీడ అన్నిటికంటే పొట్టిగా ఉన్నప్పుడు గీత గీస్తే అదే ఉత్తర దక్షిణాలు. ఒక్క జాగ్రత్త: మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మన దగ్గర మధ్యాహ్నం సూర్యుడు నెత్తికి ఉత్తరాన ఉంటాడు, నీడ దక్షిణం వైపు పడుతుంది. "నీడ ఎటుంటే అటు ఉత్తరం" అని బట్టీ పట్టినవాడు వేసవిలో ప్లేట్లు తిరగేసి బిగిస్తాడు.

వేడి ఎక్కువైతే కరెంటు ఎక్కువ వస్తుందనే అపోహ పిల్లలకే కాదు, ఇంటివాళ్లకూ ఉంటుంది. ప్లేటు మీద రాసిన వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. మే నెలలో ప్లేటు 70 డిగ్రీలు దాటుతుంది. డిగ్రీకి 0.35 శాతం చొప్పున 45 డిగ్రీలకు దాదాపు 16 శాతం పోయినట్టే. పిల్లలతోనే ఈ లెక్క చేయించి, ప్లేటు వీపు మీద థర్మామీటరు పెట్టి చూపించండి. డిసెంబరు తెల్లవారుజామున దీనికి రివర్స్, చలికి వోల్టేజీ పెరుగుతుంది. ఇన్వర్టర్ తట్టుకునే హద్దును ఆ చలిరోజు లెక్కతో చూసుకోవాలి, ఎండాకాలం లెక్కతో కాదు.

ఇంటివాళ్లకు చెప్పాల్సిన లెక్క వేరే ఉంది. 1 కిలోవాట్‌కు సుమారు 100 చదరపు అడుగుల చోటు, రోజుకు సుమారు 4 యూనిట్లు. 3 కిలోవాట్లకు నెలకు 360 యూనిట్ల దాకా. పీఎం సూర్యఘర్ సబ్సిడీ 1 కిలోవాట్‌కు 30,000 రూపాయలు, రెండింటికి 60,000, మూడు, ఆపైన ఎంతైనా 78,000. మన దేశంలో తయారైన ప్లేట్లయితేనే ఆ సబ్సిడీ. మీ పిల్లలు ఈ నాలుగు వాక్యాలు తడబడకుండా, ఒక్క అంకె కూడా పెంచకుండా చెప్పగలగాలి. ఎక్కువ చెప్పి అమ్మిన చోట నుంచే గొడవలు వస్తాయి.

ఇంటివాళ్ల ప్రశ్నకు జవాబు

ఈ భాగానికి నేను మూడు పూర్తి రోజులు ఇస్తాను. ఒకరు ఇంటావిడగా, ఒకరు టెక్నీషియన్‌గా కూర్చుంటారు.

"ఏం తమ్మీ, కరెంటు పోయినా మాకు నడుస్తదన్నరు గద? నిన్న లైను పోతే మాది గూడ పోయింది."

"పెద్దమ్మా, మీది బ్యాటరీ లేని సోలార్. లైను పోతే కావాలనే ఆగుతది. స్తంభం మీద లైన్‌మన్ పని చేస్తుంటడు, మీ స్లాబు మీది కరెంటు లైనులోకి పోతే ఆయన పానం పోతది."

ఈ జవాబు విన్నాక కోపం పెట్టుకున్న ఇల్లు నేను చూడలేదు. అందుకే ఒక పూట మీ సెక్షన్ లైన్‌మన్‌ను తరగతికి పిలవండి. ఆయన భయమేమిటో ఆయన నోటితోనే వినాలి. ఆయనకూ వీళ్ల ముఖాలు తెలుస్తాయి, రేపు నెట్ మీటరు (లైను నుంచి వచ్చిన కరెంటును, లైనులోకి వెళ్లిన కరెంటును రెండింటినీ లెక్కించే మీటరు) పని మీద విద్యుత్ ఆఫీసుకు వెళ్లినప్పుడు పనికొస్తుంది.

"బిల్లు తగ్గలేదు" అనే ఫిర్యాదుకు వెతికే వరుస కూడా నేర్పండి. ముందు నెట్ మీటరు నిజంగా మారిందా, పాతదే ఉందా. తర్వాత ఇన్వర్టర్‌లో నిన్నటి యూనిట్లు ఎన్ని. తక్కువుంటే నీడ: ప్లేట్లు పెట్టిన తర్వాత కట్టిన వాటర్ ట్యాంకు, పెరిగిన వేపకొమ్మ, కొత్త డిష్. నీడ లేకపోతే దుమ్ము. దుమ్ము లేకపోతే వదులైన కనెక్టర్. అదీ బాగుంటే లైను వోల్టేజీ. ఊరి చివరి ఇళ్లలో వోల్టేజీ మరీ తగ్గినా, మరీ పెరిగినా ఇన్వర్టర్ ఆగిపోతూ మళ్లీ మొదలవుతూ ఉంటుంది, మనం వెళ్లి చూసే సమయానికి బాగానే కనిపిస్తుంది. అందుకే ఇన్వర్టర్‌లో దాచి ఉన్న తప్పుల జాబితా తెరిచి చూడడం ప్రతి ఒక్కరికీ రావాలి.

మన నేల, మన నీళ్లు, మన కోతులు

పుస్తకాల్లో దొరకనిది, మీరు మాత్రమే నేర్పగలిగేది ఇది.

నల్లగొండ బోరు నీళ్లతో ప్లేట్లు కడిగి ఎండలో వదిలేస్తే తెల్లటి పొర కడుతుంది, నాలుగైదు సార్లయ్యాక గీకినా పోదు. వాన నీళ్లో, భగీరథ నీళ్లో వాడాలి, తెల్లవారుజామున ప్లేటు చల్లగా ఉన్నప్పుడు కడిగి రబ్బరు వైపరుతో వెంటనే లాగేయాలి. మధ్యాహ్నం కాలే అద్దం మీద చన్నీళ్లు పోస్తే పగిలే ప్రమాదం ఉంది. మిర్యాలగూడ వైపు రైస్ మిల్లుల దగ్గర ఊక బూడిద పేరుకుంటుంది, మంచు పడితే అంటుకుపోతుంది. అక్కడ నెలకొకసారి కడిగితే చాలదు. మీ మండలంలో ఎన్ని రోజులకు కడగాలో పిల్లలతోనే తేల్పించండి: ఒక ప్లేటు కడిగి, పక్కది వదిలేసి, వారం వారం రెండింటి కరెంటు రాయాలి.

ఎర్తింగు గురించి ఎంత చెప్పినా తక్కువే. పిడుగుకు ఒకటి, డీసీకి ఒకటి, ఏసీకి ఒకటి, మూడు వేర్వేరు గుంతలు. ఒక్కోటి 5 ఓములకు లోపు రావాలి. పాలమూరు మొరం నేలలో, రాతి పొర మీద అది అంత తేలిగ్గా రాదు. రాయి తగిలినచోట ఆపేసి పైన ఉప్పు పోసి మూసేయడం చాలాచోట్ల చూశాను. లోతు దొరకకపోతే దూరదూరంగా రెండు మూడు రాడ్లు వేసి కలపాలి. ఇంకో మాట, వానాకాలం కొలత నమ్మొద్దు. తడి నేలలో బాగా వచ్చిన అంకె ఏప్రిల్‌లో ఎక్కడికో పోతుంది. నేల ఎండినప్పుడు కొలిచిందే కొలత.

కోతులు తీగలు కొరుకుతాయి, ప్లేట్ల మీద దూకుతాయి. బయటికి కనిపించే ప్రతి అడుగు తీగా పైపులో ఉండాలి, ప్లేటు కింద వేలాడే తీగలు కట్టేసి ఉండాలి.

స్లాబు మీదికి, ఇంకొకరి చేతి కింద

మూడో నెలలో తరగతి ఆపేయండి. ఇద్దరిద్దరిని ఒక్కో వెండర్‌కో, పాత ఎలక్ట్రీషియన్‌కో అప్పజెప్పండి. ఒప్పందం నోటిమాట కాకుండా కాగితం మీద ఉండాలి: రోజుకు ఎంత ఇస్తారు, హార్నెస్ లేకుండా స్లాబు ఎక్కించరు, దెబ్బ తగిలితే ఆసుపత్రి ఖర్చు ఎవరిది. ఊరికే నేర్చుకోమని ఉచితంగా పని చేయించుకునేవాళ్లకు మీ పిల్లలను ఇవ్వద్దు. పంపే ముందే ప్రతి ఒక్కరికీ బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా కట్టించండి. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి 2 లక్షలు.

ఒక్కొక్కరికీ ఒక లాగ్ పుస్తకం ఇవ్వండి. బిగించినవి ఐదు ఇళ్లు, బాగు చేసినవి పది, ఎర్తింగు కొలిచినవి పది. కింద ఇంటివాళ్ల సంతకం. రేపు పని అడగడానికి వెళ్లినప్పుడు సర్టిఫికెట్ కంటే ముందు ఈ పుస్తకమే చూపించమని చెప్పండి.

కాగితాలు

సర్టిఫికెట్ వద్దని కాదు. జాతీయ సౌరశక్తి సంస్థ 2015 నుంచి నడిపిస్తున్న సూర్యమిత్ర శిక్షణ ఉచితం. పదో తరగతితోపాటు ఐటీఐ చేసినవాళ్లను అటు పంపండి. సీటు ఇప్పిస్తానని ఎవరైనా డబ్బు అడిగితే అక్కడే ఆపేయండి. జిల్లాల్లో బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ కేంద్రాల్లో భోజనం, వసతితో ఉచిత శిక్షణ ఉంటుంది, సోలార్ బ్యాచ్ ఎప్పుడో ఫోన్ చేసి కనుక్కోండి. 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024 జూన్‌లో మొదలైంది, మీకు దగ్గర్లో ఉంటే వాళ్ల యంత్రాలు ఒకసారి పిల్లలకు చూపించండి. సొంతంగా వైరింగ్ చేసి సంతకం పెట్టాలంటే వైర్‌మన్ పర్మిట్ కావాలి, అది పరీక్ష రాసి తెచ్చుకోవాల్సిందే. సబ్సిడీ పని ఇంటివాళ్లకు నమోదైన వెండర్ ద్వారానే దొరుకుతుంది కాబట్టి, మొదట్లో వెండర్ కింద చేసి, ఇద్దరు ముగ్గురు కలిసి రెండేళ్లకు సొంతంగా నమోదయ్యేలా చూడండి.

చురుకైనవాళ్లు ఇక్కడే ఆగరు. మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో అమర రాజా బ్యాటరీ పరిశ్రమ ఉంది, రావిర్యాలలో ప్రీమియర్ ఎనర్జీస్ ప్లేట్లు తయారు చేస్తుంది, పరిగి గుట్టల మీద గాలిమరలున్నాయి, జూరాల, నాగార్జునసాగర్‌లో జల విద్యుత్ కేంద్రాలున్నాయి. డీసీ భయం, మీటరు చదవడం, లాగ్ రాయడం వచ్చినవాడికి ఇవన్నీ దగ్గరే.

మొదటి ఏడాది చెయ్యి వదలొద్దు

శిక్షణ అయ్యాక మూడో నెల గండం. పని ఇంకా పట్టుబడదు, అడ్డా మీద కూలి రోజూ కనిపిస్తుంది, పుణె నుంచి మేనమామ ఫోన్ చేస్తాడు. అప్పుడు నెల నెలా వచ్చే ఒక ఆదాయం ఉండాలి, చిన్నదైనా సరే. మొదట్లో మీరు తిరిగి రాసుకున్న ఆ నోట్‌బుక్ ఇప్పుడు తీయండి. "ఫోన్ ఎత్తరు" అన్న ఇళ్లు, బడులు, మిల్లుల దగ్గరికి పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లి ఏడాది ఒప్పందం మాట్లాడండి: నెలకు రెండుసార్లు కడగడం, మూడు నెలలకోసారి కనెక్టర్లు, ఎర్తింగు చూడడం, పిలిస్తే మర్నాటికి రావడం. ఒక్కొక్కరికి పాతిక ఇళ్లు కుదిరితే ఆ మనిషి ఊరు విడిచి వెళ్లడు. ఒకే ఊరికి ఇద్దరు పోటీ పడకుండా ఊళ్లు మీరే పంచండి, గొడవ పడేలోపే.

నెలకొక ఆదివారం పన్నెండు మందీ కలవాలి. ఎవరికి ఏ తప్పు ఎదురైంది, ఎలా తేల్చారు, ఎవరు డబ్బు ఎగ్గొట్టారు, అన్నీ మాట్లాడుకోవాలి. భోజనం పెట్టండి, వస్తారు.

ఇక బ్యాచ్ ఎప్పుడు మొదలుపెట్టాలో. జూన్, జులైలో విత్తనాలు, నాట్లు, అప్పుడు పిలిస్తే సగం మంది రారు. వరి కోతలు, పత్తి తీతలు ఒక కొలిక్కి వచ్చాక డిసెంబరులో ఎంపిక చేసి, సంక్రాంతి మర్నాడు మొదలుపెట్టండి. మార్చి చివరికి తరగతి అయిపోయి, స్లాబు పని నడుస్తుంటుంది. నేల బాగా ఎండిన మే నెలలో ఒక్కొక్కరూ తమ పాతిక ఇళ్ల ఎర్తింగు కొలిచి, 5 ఓములు దాటినవి సరిచేసి, మొదటి పిడుగులు పడే రోజులకు ముందే లాగ్ పుస్తకంలో ఆ అంకెలు రాసి తెచ్చి మీకు చూపించాలి.